వెన్నుసూది వాఙ్మూలము

నా పుట్టుకను గూర్చి విస్తరించి చెప్పవలసిన దేమియు లేదు. ఉక్కు గొట్టమై, మొన తేరి, సూక్ష్మజీవి సోకని సంచిలో మూతవడి, ఒక్కమారు మాత్రమే వాడదగిన వస్తువుగా లోకమునకు వచ్చితిని. వంశమును గూర్చి మాత్రము చెప్పకుండ నుండజాలను. 1898వ సంవత్సరమున జర్మనీలోని కీల్ నగరమున ఆగస్ట్ బియర్ అను శస్త్రవైద్యుడు మా పూర్వికురాలి ద్వారా రోగుల వెన్నులోనికి కొకెయిన్ ద్రవమును పంపి, నొప్పి తెలియనీయక శస్త్రచికిత్స చేసెను. పిమ్మట ఆ ప్రయోగమును తన దేహముపై చేయించుకొనబోయి, వెన్నునీరు కారిపోయినందున దినముల తరబడి తలనొప్పితో మంచము పట్టెను. రోగికి చేసినదానిని తానును అనుభవింపజూచిన ఆ మనీషిని తలచినప్పుడెల్ల నా యుక్కుమేనికిని గర్వము గలుగును. 1940 దశకమున అమెరికా వైద్యుడు టూహీ పేర వెలసిన వంపుమొన నాకు సంక్రమించినది. వెన్నునీటి తిత్తిని సులభముగా చీల్చకుండుటకు ఆ వంపు తోడ్పడును.

నా మార్గము ఇఱుకైనది. చర్మమును, క్రొవ్వును, ఎముకల నడిమి బంధనములను దాటి, పసుపుపచ్చని కట్టకడపటి బంధనమును ఛేదించినంతనే వైద్యుని బొటనవ్రేలి క్రింద పిచికారి యొత్తిడి హఠాత్తుగా సడలును. అదియే నేను నిలువవలసిన తావు. అచ్చట క్రొవ్వును, పలుచని సిరలును ఉండును; ఆవల కొన్ని మిల్లీమీటర్ల దూరమున తిత్తి యున్నది. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల కడనే ముగియును గాన, అంతకు దిగువ నా కెదురగునవి నారుకట్టవలె విడివిడిగా వ్రేలాడు నరములు. కాళ్లకు నడకను, కూర్చుండుచోటికి స్పర్శను, మూత్రమునకు అదుపును ఇచ్చునవి అవియే. నాకు కన్నులు లేవు. ఎక్స్‌రే తెర యొక కన్ను. రోగి నోటిమాట రెండవ కన్ను.

నే నెరిగిన ఆమె దేవరుప్పుల మండలములోని యొక పల్లెనుండి వచ్చినది. వంగి నాట్లు వేసి వేసి నడుము పోగొట్టుకొన్న జనగామ ప్రాంతపు స్త్రీలు ఎందఱో గలరు. వారిలో నీమె యొకతె. జాఱిన డిస్కు నరమును నొక్కగా కాలు గుంజుచున్నది. ఇట్టి నొప్పి పలువురిలో కొన్ని వారములకు, నెలలకు తనంతట తగ్గును. అంతవరకు స్టెరాయిడ్ సూది కొందఱికి ఉపశమన మిచ్చుట నిజమే. ఊరిలో గోలీలు పనిచేయక, పట్నములోని యొక చిన్న ఆసుపత్రికి కొడుకు ఆమెను తోడుకొని వచ్చెను.

వైద్యుని చేతిని నేను నిందింపను. నా మొన నరమునకు చేరువైనపుడు “సారూ, కాలు జివ్వుమన్నది!” అని ఆమె కేక వేయగానే ఆయన ఆగెను, నన్ను వెనుకకు తీసి, దారి మార్చి, తెరపై చూచి, మఱి మందు వదలెను. అంతటి నేర్పరి అడుగవలసిన ప్రశ్న నొకదానిని అడుగలేదు. గుండె కవాటము మార్పించుకొన్న ఆమె రక్తమును పలుచన చేయు గోలీలు నిత్యము మ్రింగుచుండెను. వాటిని గుండె వైద్యుని సలహాతో ముందే ఆపి, రక్తము గడ్డకట్టు తీరును పరీక్షించి గాని నన్ను చేతబట్టరాదు. ఆ గోలీలు మంచము ప్రక్కనున్న గుడ్డసంచిలోనే యున్నవి. ఆమెయు చెప్పలేదు. 1946లో తెలంగాణ రైతు పోరాటమున దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి ఆమె దేవరుప్పుల మండలములోనిదే. దేశముఖునకు ఎదురు నిలిచిన ఆ నేల బిడ్డలు తెల్లకోటు ముందు నోరు విప్పుటకు జంకుట నాకు మిక్కిలి బాధాకరము.

పని ముగిసినది, నన్ను మూలనున్న పెట్టెలో పడవేసిరి. వాడిన సూదులకు గుచ్చుకొనని తెల్లని పెట్టె యుండవలెనని 2016 నాటి నియమములు చెప్పుచున్నవి. నాకు దక్కినది మూతలేని అట్టపెట్టె. ఊడ్చు స్త్రీ వ్రేలికి నాతోడి సూది గుచ్చుకొని నెత్తురు వచ్చినను అడిగినవారు లేరు. వారములు గడిచినను మమ్ము తీయలేదు. అందువలననే ఆ రాత్రి మాటలన్నియు నేను వినగలిగితిని.

మందుతో గలిపిన మత్తువలన కాళ్లు కొన్ని గంటలు మొద్దుబారుట సహజము. ఆమెకును అట్లే యై, సాయంకాలమునకు విడిచినది, లేచి నడిచినది. రాత్రి ఎనిమిది గంటలకు మరల మొదలైనది. “బిడ్డా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి. కూసున్న జాగ తెలుస్తలేదు. ఒంటికి వస్తలేదు” అని ఆమె పిలిచెను. “సూది ఇచ్చినంక గట్లనే ఉంటది అవ్వా, పొద్దుగాల్ల వరకు తగ్గుతది” అని సమాధానము. విడిచిపోయిన మొద్దు తిరిగి వచ్చి పెరుగుట సహజము కాదని, వెన్నులో నెత్తురు గడ్డకట్టి నరములను నొక్కుచున్నదని, అట్టివేళ వెంటనే ఎంఆర్‌ఐ తీసి గంటలలో ఆ గడ్డను తొలగింపవలెనని నోరులేని నేను ఎట్లు చెప్పుదును? ఆమె నాలుగుమారులు పిలిచెను. వైద్యునకు ఫోను పోలేదు. తెల్లవాఱిన పిమ్మట కొడుకు వచ్చి, కాళ్లు కదలకుండుట చూచి, వరంగల్లునకు తీసికొనిపోయెను.

మా జాతివలన ఇట్టి కీడు అరుదుగానే కలుగును. కలిగినపుడు మాత్రము ఘోరముగా నుండును. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక ఔషధాలయము బూజు సోకిన స్టెరాయిడ్ సీసాలను పంపగా, వాని నెక్కించుకొన్న 750 మందికి పైగా రోగగ్రస్తులైరి, 60 మందికి పైగా మరణించిరి. వెన్నులోని స్టెరాయిడ్ సూదివలన పక్షవాతము, చూపుపోవుట, మరణము సైతము అరుదుగా సంభవింపవచ్చునని 2014లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. ఈ మాట సంతకమునకు ముందు తెలుగులో చెప్పిన నోటిని నేను ఆ గదిలో వినలేదు.

కొంతకాలమునకు కొడుకు కాగితములకై తిరిగి వచ్చెను. నెత్తురుగడ్డ తీసిరట, కఱ్ఱ పట్టుకొని నాలుగడుగులు వేయుచున్నదట, మూత్రమునకు గొట్టము ఇంకను తీయలేదట. తిమ్మిరి ఎప్పుడు మొదలైనదని వరంగల్లు వైద్యులు అడిగిరట. ఇచ్చటివారు కాగితములో ‘ఉదయము 6 గంటలకు’ అని వ్రాసి యిచ్చిరి. కొడుకు దానిని రెండుమారులు చదివి, “మా అవ్వ రాత్రే చెప్పిన్నంటున్నది గద సారూ” అనెను. ఆమె చెప్పినది నిజము. మొదటిసారి పిలిచినది రాత్రి ఎనిమిది గంటలకే. నేను ఆ గదిలోనే యుంటిని.