డాలెక్‌కు ఆకుపచ్చ చుక్క

‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ అభిమానుల్లో పెద్దతలకాయగా చలామణీ అవుతున్న ఒకాయన ఈ వారం చెప్పిన తీర్పు మీ చెవిన పడే ఉంటుంది. 1985 నాటి ‘ది టూ డాక్టర్స్’ కథలో డాక్టర్ ఒకణ్ణి సైనైడ్ పెట్టి చంపడంలో తప్పేమీ లేదట. వాడు మనుషుల్ని వండుకు తిందామని చూసినవాడు, పోతే పోయాడు. కానీ ఆ కథ చివర ఇకమీదట శాకాహారమేనని ప్రకటించిన అదే డాక్టర్, 2005లో కార్డిఫ్‌లో ఒక హోటలుకెళ్ళి స్టీకూ చిప్సూ తెప్పించుకున్నాడు చూశారూ, అదిట ఘోరం. అదిట పాత్రకు పట్టిన చీడ. నలభై ఏళ్ళ హింసా మాంసాహార వివాదానికి దీంతో తెరపడిందని ఆయన వర్గం సంబరపడుతోంది కూడా.

మొదట ఒళ్ళు మండింది. కాస్త చల్లబడ్డాక, ఇంత సులువైన న్యాయశాస్త్రం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదేమా అనిపించింది. నేరం జరిగితే శవాన్ని చూడక్కర్లేదు, కంచం చూస్తే చాలు. సాక్షులక్కర్లేదు, ప్లీడర్లక్కర్లేదు, వాయిదాలసలే అక్కర్లేదు. ముద్దాయి మధ్యాహ్నం ఏ కూరతో తిన్నాడో కనుక్కుంటే సాయంత్రానికి తీర్పు. ఆయన దారి చూపించాడు కనక, ఆ దారిన నాలుగడుగులు మనమూ నడుద్దాం.

మన దేశంలో పది రూపాయల బిస్కట్ పొట్లం మీద కూడా ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటుంది. నీచు కలిసిన సరుకైతే గోధుమరంగు గడిలో త్రికోణం. పొట్లాలకున్న ఈ సదుపాయం పాత్రలకెందుకు ఉండకూడదు? 1963లో మొదలైన సీరియల్, మధ్యలో ఏళ్ళ తరబడి ఆగినా ఈనాటికీ దుకాణం కట్టేయలేదు. ఎన్ని గ్రహాలు, ఎన్ని జాతులు, ఎన్ని యుద్ధాలు! ఎవడు మంచివాడో ఎవడు దుర్మార్గుడో తేల్చుకోలేక అభిమానులు జుట్లు పీక్కుంటున్నారు. విశ్వ శాకాహార ధ్రువీకరణ మండలి ఒకటి పెట్టి, ఒక్కొక్కణ్ణీ వరసలో నిలబెట్టి, తిండి వివరాలు రాసుకుని, నుదుటి మీద ముద్ర కొట్టేస్తే సరి.

వరసలో ముందున్నది డాలెక్. ఇనప పీపాలాంటి ఒళ్ళు, చంపేస్తానని గొంతు చించుకోవడం తప్ప వేరే పలకరింపు తెలియని నోరు. నోరంటే మాటవరసకన్నాను, అసలది ఉంటే కదా. ఊళ్ళకు ఊళ్ళు, గ్రహాలకు గ్రహాలు తుడిచిపెట్టిన ఘనమైన వంశం. అయితే ఇన్నేళ్ళలో ఏ డాలెక్ అయినా కోడికాలు కొరుకుతుండగా మీరు చూశారా? పోనీ ఉడకేసిన గుడ్డు? పోనీ కేకులో కలిసిపోయిన గుడ్డు? లక్షల్లో చంపిందిగానీ ఒక్కణ్ణి ఉప్పూకారం వేసుకుని తిన్న పాపాన పోలేదు. ఏడాది పొడుగునా కార్తీకమాసమే. వెయ్యండి ఆకుపచ్చ చుక్క.

హైదరాబాదులో ‘ఓన్లీ వెజిటేరియన్స్’ అని టులెట్ బోర్డు తగిలించుకున్న ఓనర్లకు ఇంతకన్నా మంచి అద్దెదారు దొరకడని నా పూచీ. పొయ్యి వెలిగించడు. తాలింపు ఘాటు లేదు, నీచువాసన లేదు. చుట్టాలు వచ్చిపోయే రభస ఉండదు, వచ్చినవాళ్ళు మిగలరు కనక. ఓనరమ్మ ఫోన్లో అడిగేది ఒక్కటే కదా.

“వెజ్జేనా బాబూ?”

“ప్యూర్ వెజ్ అండీ.”

“అయితే ఎప్పుడైనా వచ్చి చూసుకో నాయనా.”

ఏం ఉద్యోగమని అడగదు. భుజానికి తుపాకీ ఎందుకని అసలే అడగదు. ఖాళీగా ఉన్నది పై పోర్షనైనా ఫరవాలేదు. డాలెక్‌లు మెట్లెక్కలేవని నవ్వుకునే కాలం 1988లోనే పోయింది, గాల్లో తేలుతూ ఎక్కేసింది మహాతల్లి.

సోంటరన్ల పని ఇంకా సులువు. యుద్ధం తప్ప మరో వ్యాపకం లేని ఈ జాతి మెడ వెనకున్న రంధ్రంలోంచి శక్తి ఎక్కించుకుంటుంది. అరిటాకు ఖర్చు కూడా లేదు, చుక్క ఇచ్చేశాం. సైబర్‌మన్లు కొంచెం ఆలోచనలో పడేశారు. మనుషుల్ని కోసి, పనికొచ్చే భాగాలు లోహంలో బిగిస్తారు వీళ్ళు. మండలి చర్చించి, కోస్తున్నారే తప్ప వండటంలేదు గనక అభ్యంతరం లేదని తేల్చింది. ఇక ‘బ్లింక్’లో వచ్చే ఏడుపు దేవతా విగ్రహాలు. వాటి చెయ్యి తగిలితే మనిషి ఏనాటి కాలంలోకో వెళ్ళి పడతాడు, అతను ఇక్కడ బతకాల్సిన రోజుల్ని అవి తిని బతుకుతాయి. రోజుల్లో మాంసం లేదు. ఉల్లీ వెల్లుల్లీ కూడా లేవు. వీటికి చుక్కతోపాటు సాత్వికమన్న ప్రత్యేక ప్రశంస.

మండలిని నిజంగా ఇరుకున పెట్టింది డాలెక్‌లను పుట్టించిన డావ్రోస్ ఫైలు. ‘రెవెలేషన్ ఆఫ్ ది డాలెక్స్’లో ఈయన నెక్రోస్ గ్రహం మీద, చావుబతుకుల మధ్య జనం తమను భద్రంగా దాచిపెట్టమని అప్పగించుకున్న చోట మకాం వేస్తాడు. వాళ్ళలో తెలివైన బుర్రల్ని డాలెక్‌లుగా మారుస్తాడు, తక్కినవాళ్ళని పోషకాహారం చేసి కరువు గ్రహాలకు పంపిస్తాడు. ఆకలి తీర్చిన మహానుభావుడని పేరు కూడా తెచ్చుకుంటాడు. మా ఇన్‌స్పెక్టర్ వెళ్ళి అంతా తనిఖీ చేసి తీవ్రమైన లోపం పట్టుకున్నాడు. పొట్లాల మీద గోధుమరంగు త్రికోణం లేదు. తయారీ తేదీ లేదు, ఏ తేదీలోగా వాడాలో లేదు. జరిమానా కట్టి లేబుళ్ళు అంటించుకుంటే లైసెన్సు కొనసాగించవచ్చని సిఫారసు చేశాడు.

చివరికి త్రికోణం పడింది షాకైకి ఒక్కడికే. సెవిల్ దగ్గర తీసిన ‘ది టూ డాక్టర్స్’లో వంటవాడు వీడే. ఆండ్రోగమ్ జాతి, ముక్క లేనిదే ముద్ద దిగదు. భూమ్మీది మనుషుల రుచి చూడాలని నోరూరించుకుంటూ వచ్చాడు. డాక్టర్ల వెంట తిరిగే జేమీని చూసినా పెరీని చూసినా ఏ భాగం ఎలా వండితే బాగుంటుందన్నదే ధ్యాస. రాసిన రాబర్ట్ హోమ్స్ శాకాహారి. తక్కువజాతి ప్రాణులకు మనకు తెలిసినట్టు నొప్పి తెలియదన్న మాట షాకైచేత అనిపించాడు. కోడిని కోసేటప్పుడు మనం చెప్పుకునే మాటే మన ఒంటిమీద కత్తి పెట్టి మనకే వినిపించాడన్నమాట. నేను ముక్క తినేవాణ్ణే. దెబ్బ తగలాల్సినచోటే తగిలింది, ఆ మాట దాచుకోను.

షాకైని డాక్టర్ చంపే తీరు కూడా గుర్తు చెయ్యాలి. కాలికి గాయమై కుంటుతున్న డాక్టర్, వెంటపడి తరుముతున్న షాకైని పురుగుల వలలో ఇరికించి, సైనైడ్‌లో ముంచిన దూదిని మొహానికి అదిమి పట్టి, వాడు కదలడం ఆగాక భోజనం చివర వడ్డించే తీపి మీద ఒక ఛలోక్తి విసురుతాడు. ప్రాణరక్షణే అనుకుందాం. ఛలోక్తి దేనికి? మండలి రికార్డుల్లో మాత్రం ఇది స్వచ్ఛమైన శాకాహార హత్య. సైనైడ్‌లో జంతు పదార్థమేదీ లేదు. ఈ కథ మూడు భాగాలూ ప్రసారమవుతున్న రోజుల్లోనే, 1985 ఫిబ్రవరి ఆఖర్లో, సీరియల్‌ని ఆపుతున్నట్టు బీబీసీ చెప్పింది. హింస శ్రుతిమించిందన్నది అప్పట్లో వినిపించిన కారణాల్లో ఒకటి. మళ్ళీ తెరమీదికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. పాపం మైకేల్ గ్రేడ్, బీబీసీ వన్‌కి పెద్దగా ఉండి కూడా శవాల వైపు చూశాడు. కంచం వైపు చూసి ఉంటే ఇంత గొడవే ఉండేది కాదు.

ఇక డాక్టర్ ఫైలు. ఇది బల్ల మీద పట్టడంలేదు. ఆరో డాక్టర్ మాట ఇచ్చాడు, ‘రెవెలేషన్ ఆఫ్ ది డాలెక్స్’లో పాపం పెరీ చేతిలో గింజల ముద్దతో చేసిన రోల్ కనిపిస్తుంది. ఆ పిల్ల దాన్ని తినలేక నీళ్ళలోకి విసిరేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ తొమ్మిదో డాక్టర్ స్టీకు. పదో డాక్టర్ క్రిస్మస్ విందు. పదకొండో ఆయన ఒళ్ళు మారగానే చిన్నపిల్ల వంటింట్లో జొరబడి ఆపిల్ ఉమ్మేసి, పెరుగు ఉమ్మేసి, బేకన్ ఉమ్మేసి, చిక్కుళ్ళు ఉమ్మేసి, చివరికి చేప ముక్కల్ని కస్టర్డ్‌లో ముంచుకుని తింటాడు. బేకన్ ఉమ్మేశాడు గనక సగం పుణ్యం రాయాలా, చేప మింగాడు గనక కొట్టేయాలా? బెంగాలీ సభ్యుడెవరైనా ఉంటే చేపను కూరగాయల కింద రాసేవాడేమో. నాలుగో డాక్టర్ జేబులోంచి తీసి అందరికీ పంచిన జెల్లీ బేబీల సంగతి ఎవరూ ఎత్తడంలేదు. జెలటిన్ ఎముకలూ తోళ్ళూ ఉడకబెడితే వచ్చే సరుకు. అసలు చిక్కు అదీ కాదు. డాక్టర్ చచ్చి మళ్ళీ కొత్త ఒంట్లో పుడతాడు కదా, కిందటి జన్మ మొక్కు ఈ జన్మలో చెల్లుతుందా? ఈ ఒక్క ధర్మసందేహం మీద అభిమానులు పీఠాధిపతుల్ని మించి వాదించుకుంటున్నారు.

పెద్దాయన ఘోరమన్న ఆ స్టీకు బల్ల దగ్గరికి ఒకసారి వెళ్ళి చూద్దాం. డాక్టర్‌కి ఎదురుగా కూచున్నది మనిషి తోలు కప్పుకున్న మార్గరెట్. స్లిథీన్ కుటుంబం, పలకడానికే పూట పట్టే రాక్సాకోరికోఫాలపటోరియస్ గ్రహం. అక్కడ ఆమెకు మరణశిక్ష పడి ఉంది, తీసుకెళ్ళి అప్పగించేది డాక్టరే. శిక్ష ఎలా అమలు చేస్తారో ఆమె బల్ల దగ్గరే విడమరిచి చెబుతుంది. యాసిడ్‌లోకి దింపి, కింద వేడి పెంచుతూ, ప్రాణం ఉండగానే కరిగించి సూపు చేసేస్తారు. ఇదంతా తెలిసి కూడా నాతో కలిసి భోంచేసి నన్ను అక్కడ దింపి రాగలవా అన్నది ఆమె ప్రశ్న. ఆమె కూడా తక్కువ తినలేదు, ఆ భోజనంలోనే డాక్టర్‌కి విషం పెట్టాలని చూస్తుంది. చంపడం గురించి, చంపడానికి అప్పగించడం గురించి ఈ సీరియల్ ఇంత సూటిగా మాట్లాడిన చోట్లు తక్కువ. ఆ కథ రాసిన రస్సెల్ టి డేవిస్ అంత కష్టపడి ఆ బల్ల వేసి ఇద్దర్నీ కూచోబెడితే మన పెద్దాయనకు కనిపించింది పళ్ళెంలో గొడ్డుమాంసం!

ఆస్కార్ బాచర్బీ పేరు ఆయన తీర్పులో ఎక్కడైనా వినబడిందా? నాటకాల్లో పైకి రాలేక సెవిల్‌లో హోటలు చూసుకుంటూ, రాత్రిళ్ళు తోటల్లో రెక్కల పురుగుల్ని పట్టుకుంటూ తిరిగే అమాయకుడు. షాకై అతని హోటలుకొచ్చి మెనూ అంతా ఊడ్చేస్తాడు. పక్కన కూచుని పోటీపడి తిన్నది ఎవరో కాదు, బలవంతాన సగం ఆండ్రోగమ్‌గా మార్చబడ్డ రెండో డాక్టరే. ఆస్కార్ బిల్లు తెస్తాడు. షాకై తన లోకం నోటేదో ఇస్తాడు. ఇది ఇక్కడ చెల్లదంటాడు ఆస్కార్, అనగానే కత్తి దిగుతుంది. తరవాత డాక్టర్ వాడిన సైనైడ్ కూడా ఆస్కార్ తన పురుగుల కోసం ఉంచుకున్నదే. అంతకుముందే, షాకై బృందం జొరబడిన ఇంట్లోని కళ్ళు కనబడని పెద్దావిడ కూడా చచ్చిపోయింది. ఇన్ని శవాల తరవాత కథ ముగిసేది ఆహారనియమంతో.

తెర మీది వ్యవహారమేగదా అని నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊరుకోలేకపోవడానికి కారణం, ఈ కంచం న్యాయం నాకు సీరియల్లో పరిచయమైంది కాదు. 2015 సెప్టెంబరులో దాద్రీ దగ్గర పల్లెలో, ఇంట్లో ఆవుమాంసం ఉందన్న పుకారు మీద, ఒక మనిషిని రాత్రిపూట ఇంట్లోంచి ఈడ్చి కొట్టి చంపారు. ఆ తరవాత ల్యాబు పరీక్షకు పంపింది మాంసాన్ని. ఆవుదా, మేకదా? పెద్ద పెద్దవాళ్ళు కూచుని ఆ నివేదిక గురించి మాట్లాడారు. ఒకటి మేకదనీ ఇంకొకటి ఆవుదనీ వాదనలు నడిచాయి. మేకదైతే హత్య, ఆవుదైతే కాదా? ఏ కాగితంలో ఏం రాసుంటే ఆ మనిషి లేచి ఇంటికెళ్ళేవాడు? చచ్చినవాడి వంటింటిని సోదా చేసే ఈ అలవాటు సిగ్గుమాలినది. సైన్స్ ఫిక్షన్ అభిమానం ముసుగేసుకొచ్చినా, సంప్రదాయం పేరు పెట్టుకొచ్చినా, చంపినవాడి నుంచి చూపు మళ్ళించడమే దాని పని. ఆ పని నవ్వుతూ చేస్తే ఇంకా అసహ్యం.

మాంసం తినాలా వద్దా అన్నది నిజమైన ప్రశ్న. హోమ్స్ దాన్ని నిజాయితీగానే అడిగాడు. చంపిన చెయ్యి కడుక్కోవడానికి దాన్ని వాడుకోమని ఎక్కడా రాయలేదు. పెద్దాయనా, ఆస్కార్ తెచ్చిన బిల్లులో సగం మీ డాక్టర్ తిన్నదే. ముందు దాని సంగతి తేల్చండి, స్టీకు పద్దు తరవాత చూద్దాం.