గాండో కప్పూ, నా గొప్పా

మీతో చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు. పేరు మీద ఆశ లేని మనిషిని నేనింతవరకు చూళ్లేదు. పక్కింటి గేటు చూసొచ్చి మన గేటు మార్పించుకున్నవాళ్లం కామూ మనం? ఇక ఆర్కిటెక్టుల సంగతి చెప్పేదేముంది! నేనైతే పునాది తవ్వకముందే పత్రిక ముఖచిత్రం ఊహించేసుకున్నాను.

అప్పట్లో నా దేవుడు ఫ్రాన్సిస్ కెరే. బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె ఆయనది. ఊళ్లో బడి లేక, చదువు కోసం ఏడేళ్లకే ఇల్లు వదిలాడు. బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి, 2001లో సొంతూరికి బడి కట్టాడు. మట్టిలో కాస్త సిమెంటు కలిపి చేసిన ఇటుకలు. ఆడవాళ్లు నీళ్లు మోశారు, పిల్లలు రాళ్లు తెచ్చారు. ఆ బడికి 2004లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు.

ఫొటోలో నన్ను పట్టేసింది ఆ బడి పైకప్పు. గదులకు ఎంతో పైన, గాల్లో తేలుతున్నట్టు రేకులు. అనంతపురం దగ్గర ఒక ప్రైవేటు బడి పని చేతికి రాగానే, యజమానికి పూటల తరబడి గాండో కథే చెప్పాను. రేకుల కప్పు ఎత్తాను. దాని కింద నున్నటి ఫాల్స్ సీలింగ్ బిగించాను. రోడ్డు పడమటి వైపుంది కదా, దారిన పోయేవాళ్లు ఆగి చూడాలని ఆ గోడంతా అద్దాలు పెట్టించాను.

జూన్‌లో ప్రారంభోత్సవం. మైకు పుచ్చుకుని సహజమైన చల్లదనం మీద మొదలుపెట్టాను, మూడు దాటింది, పడమటెండ అద్దాల్లోంచి తిన్నగా లోపలికొచ్చింది, తల్లులు ఆహ్వానపత్రికలతో విసురుకోసాగారు, పిల్లలు ఒక్కొక్కరే నీడకు జరిగిపోయారు, కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి, సీమ ఎండంతా ఆ ఒక్క గదిలోకే దిగింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది, నేను మాత్రం చల్లదనం గురించే చెబుతున్నాను!

సభ అయ్యాక ఆయా వచ్చి, "రేపు మద్యానం ఒగ గంట ఈడ కూర్చోని చూడండి సార్" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ వదల్లేదు నన్ను.

కూర్చున్నాను. అప్పుడు తెలిసొచ్చింది నా తప్పు. గాండోలో సీలింగు ఇటుకల మధ్య సందులున్నాయి. వేడెక్కిన గాలి వాటిలోంచి పైకి పోతుంది. సీలింగుకూ రేకులకూ నడుమ ఖాళీలో వీచే గాలి ఆ వేడినీ, రేకుల వేడినీ కలిపి బయటికి తోసేస్తుంది. చూరు బాగా ముందుకు చాచి ఉంటుంది కాబట్టి మట్టిగోడల మీద ఎండా వానా పడవు. నేను కప్పు ఆకారం తెచ్చుకుని, గాలి పోయే దారి మూసేశాను. ఇడ్లీ పాత్రకు మూత బిగించి లోపల పిల్లల్ని కూర్చోబెట్టినట్టయింది.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. మా అమ్మమ్మ వాళ్ల మట్టి మిద్దెకు పైన గవాచి ఉండేది. వెలుగు దిగేది అందులోంచే, వేడి పోయేదీ అందులోంచే. దాని కింద పడుకుని పెరిగినవాణ్ణి. బుర్కినా ఫాసో ఫొటో చూసి మురిసిపోయిన నాకు, ఆ గవాచి ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. దూరపు కొండలు నునుపని మనవాళ్లు ఊరికే అన్నారా!

మరుసటి వేసవి సెలవుల్లో అద్దాలు తీసేసి ఇటుకల జాలీ కట్టాం. సీలింగులో సందులు వదిలాం. పావురాలు దూరకుండా వల వేశాం. పడమటి వైపు వేపమొక్కలు నాటాం. ఖర్చు నా ఫీజులోంచే పోయింది, పోవాల్సిందే. ఆ తర్వాత కట్టిన బడులన్నీ తూర్పుపడమరలుగా పొడుగ్గా పరిచాను. కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఉంటే చిన్న సన్‌షేడ్ చాలు, ఎండ లోపలికి పెద్దగా రాదు.

మీ ఊళ్లో బడి కడుతున్నారా? ప్లాన్ అడిగి తెప్పించుకుని పడమటి గోడ చూడండి. అక్కడ అద్దాలుంటే, దయచేసి పని ఆపించండి.