బుచ్చామో

తిరుపూరు నుంచి వంద టీషర్టులు తెప్పించి, గుండెల మీద 'ఆవకాయ లేనిదే ఆదివారం లేదు' అని అచ్చేయించి షాపులకి వేద్దామన్నది మా బామ్మర్ది ఆలోచన. పెట్టుబడి మాత్రం నాది. శాంపిల్ పట్టుకుని విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపుకి వెళితే, ఓనరు గారు ఆవకాయ వంక కన్నెత్తి చూడలేదు. మెడ దగ్గర తిరగేసి, "ఏ కంపెనీ అండీ?" అన్నారు. అక్కడ బోడిగా ఉంది. "లేబుల్ లేకపోతే ఫుట్‌పాత్ సరుకండీ, ఉంటే షోరూమ్ సరుకు" అని తేల్చేశారు.

పేరు కోసం ఇంట్లో మూడు రోజులు పంచాయితీ. మా బామ్మ పేరు బుచ్చమ్మ అని పెడదామన్నాను. "అప్పడాలనుకుంటారు బావా" అంటూ బామ్మర్ది దానికో దీర్ఘమిచ్చి, ఒక మకారం పీకేసి, చివర ఓత్వం తగిలించాడు. బుచ్చామో! అచ్చం ఇటలీలో పుట్టినట్టే ఉంది. పక్కన గుండ్రంలో 'ఆర్' కూడా వేయిద్దామన్నాడు. రిజిస్ట్రేషన్ కాకుండా అది వేస్తే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరమని ఆడిటర్ గారు ఆపారు. బట్టలది 25వ తరగతట, దరఖాస్తుకే 4,500. నేను పదో తరగతికి కూడా అంత కట్టలేదు.

నేత లేబుళ్లు వెయ్యికి తక్కువ ఇవ్వమన్నారు. వంద చొక్కాలకి వెయ్యి లేబుళ్లు కొన్నాం.

అసలు చిక్కు ప్యాకెట్ మీద వచ్చింది. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం పేరు, చిరునామా, నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదులకి ఫోన్ నంబరు, ఆఖరికి లోపల ఎన్ని ఉన్నాయో కూడా వేయాలి. ఒకటి అని వేశాం. "లేకపోతే రెండోదాని కోసం వెతుక్కుంటారా?" అంది మా ఆవిడ. ఇటలీ అంతా చిరునామా దగ్గర కూలిపోయింది: బుచ్చామో, రామాలయం వెనక సందు, విజయవాడ.

ఫోన్ నంబరు మా ఆవిడది. మొదటి ఫోను వారానికే వచ్చింది. "అమ్మా, ఒక్క ఉతుక్కే ఆవ పోయింది, కాయ మిగిలింది." ప్లాస్టిసాల్ ఇంకు సుమారు 160 డిగ్రీల వేడికి గానీ బట్టని పట్టుకోదు. ప్రింటింగ్ కుర్రాడు కరెంటు బిల్లు మీద జాలిపడి సగం కాకకే దింపేశాడు. తప్పు మాదే. అయినా మా ఆవిడ తగ్గలేదు. "లోపల లేబుల్ మీద త్రిభుజం కొట్టేసి ఉంది కదండీ, బ్లీచింగ్ వేయకూడదని?" అంది. ఫోన్ చేసినావిడ దాన్ని కుటుంబ నియంత్రణ గుర్తు తిరగబడిందనుకుందట! ఉతకడం గురించి బొమ్మల్లో చెప్పాలన్న మహానుభావుడెవరో గానీ, ఏనాడూ చాకిరేవు చూసి ఉండడు.

అమ్ముడైతేనే డబ్బు, లేదంటే సరుకు వాపసు అన్నది షాపు ఒప్పందం. అరవై ఒకటి వెనక్కి వచ్చాయి. లేబుళ్లు మాత్రం ఇంకా తొమ్మిది వందలున్నాయి. పారేయడానికి మా ఆవిడకి చేతులు రాక కనిపించిన ప్రతి గుడ్డకీ కుట్టేస్తోంది. దిండు గలీబులు, కూరల సంచి, మసిగుడ్డ, అన్నీ బుచ్చామోలే.

మొన్న పక్కింటావిడ ఆ కూరల సంచి తిరగేసి చూసి, తనకీ ఒకటి తెప్పించమని చెప్పి వెళ్లింది.