చూరు మంచు పద్యానికి టీకా తాత్పర్యం

అటక వేడి తగిలి యట్టె కరిగె మంచు,
చూరు చేరి కట్టె చుట్టుగోడ;
దారి లేని నీరు దారి వెదకి యింట
తొంగి చూచె గదిని దొంగ వోలె.

అవతారిక: 2014–15 చలికాలంలో బోస్టన్‌లో 110.6 అంగుళాల మంచు కురిసి ఆ ఊరి రికార్డు చెరిగిపోయింది. చాలా ఇళ్ళ చూర్లకు ఐస్ డ్యాములు కట్టాయి. బయట ఎముకలు కొరికే చలి, హాల్లో వాన. అది చూసి నోట మాట రాక, పద్యం మాత్రం వచ్చిన గృహస్థుడి ఆటవెలది ఇది. కవి కాలం స్పష్టం, స్థలం నిచ్చెన.

ప్రతిపదార్థం: అటక వేడి తగిలి = కింది గదుల్లోంచి పైకి జారిన హీటరు వేడి సోకి (బాత్రూము ఫ్యాను గొట్టం అటకలోనే తెరుచుకుంటే ఆ ఆవిరీ ఇందులో జమ); మంచు = కప్పు మీది మంచు; అట్టె కరిగె = అడుగు నుంచి, పైకి తెలియకుండా కరిగింది; చూరు చేరి = గోడ దాటి పొడుచుకొచ్చిన అంచుకు చేరి (దాని కింద ఇల్లు లేదు, కనుక వేడీ లేదు); చుట్టుగోడ కట్టె = తిరిగి గడ్డకట్టి అడ్డం నిలిచింది; దారి లేని నీరు = ఆ గడ్డ వెనక మడుగైన నీరు; దారి వెదకి = షింగిళ్ళ (కప్పు మీది పలకల) కిందికి ఎగబాకి; గదిని తొంగి చూచె = సీలింగు మీద గోధుమరంగు మరకై దర్శనమిచ్చింది; దొంగ వోలె = స్పష్టము.

తాత్పర్యం: మంచు కరిగినందుకు ఇల్లు కారదు, పైన కరిగి, అంచున కరగనందుకు కారుతుంది.

విశేషాలు: అలంకారం విరోధాభాసం. కారణం వేడి, కార్యం మంచుగడ్డ.

“చలి ముదిరింది, గడ్డకట్టింది, సుత్తితో పగలగొడితే సరి” అని పూర్వపక్షం. ఇది అక్షరాలా సుత్తివాదం. గడ్డతోపాటు షింగిళ్ళూ పగులుతాయి. సిద్ధాంతం: చలికాలంలో అటక దాదాపు బయటంత చల్లగా ఉండాలి. అందుకు ముందు కన్నాలు మూయాలి: సీలింగులో దిగేసిన లైట్ల చుట్టూ, పైపులు దూరిన చోట్ల, అటక మూత అంచున. ఆ తరువాతే ఇన్సులేషన్. చలి ప్రాంతాల్లో, వేడిని ఆపే శక్తిని కొలిచే ఆర్-విలువలో, ఆర్-49 నుంచి ఆర్-60 దాకా చెబుతారు. ఊదే ఫైబర్‌గ్లాస్ అయితే ఇంచుమించు అడుగున్నర మందం, ఆపైన. కన్నాలు మూయకుండా దూది పరిస్తే వేడిగాలి అందులోంచే నింపాదిగా పైకి పోతుంది. చూరు కింది చిల్లుల్లోంచి చల్లగాలి వచ్చి కొప్పు దగ్గర బయటపడాలి. ఇన్సులేషన్ ఊదే మహానుభావులు సరిగ్గా ఆ చిల్లుల్నే పూడ్చిపోతారు. వాళ్ళు వెళ్ళేలోపు టార్చిలైటు వేసి చూసుకోవడం ఉత్తమం.

కప్పు కొత్తగా వేయించేవారికి: షింగిళ్ళ కింద, చూరు అంచు నుంచి వెలుపలి గోడ దాటి కనీసం 24 అంగుళాల లోపలి దాకా, నీరు దిగని జిగురు పొర పరిపించాలి.

ఆపద్ధర్మం: మంచు కురిసిన వెంటనే నేల మీదే నిలబడి, పొడుగు కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో (మంచు లాగే పారతో) అంచు మంచును లాగెయ్యడం. గడ్డ కట్టేసిందా, ఆడవాళ్ళ మేజోడులో కాల్షియం క్లోరైడ్ నింపి, కొస చూరు దాటి వేలాడేలా గడ్డకు అడ్డంగా పడుకోబెడితే నీటికి కాలువ పడుతుంది. ఇంటాయన పరువు సంగతి శాస్త్రం చెప్పలేదు.

చూరు వెంట వేడి తీగలు చుట్టాలనే చరణం ప్రక్షిప్తం. మూలప్రతుల్లో లేదు; కరెంటు బిల్లుల్లో మాత్రమే కనిపిస్తుంది.