కారు కనుల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు, భారవినీ మాఘుణ్ణీ కూడా వదల్లేదు. ఆయన కాలానికి కార్లు లేకపోవడంతో ఈ కింది పద్యం మాత్రం వ్యాఖ్యకు నోచుకోకుండా ఉండిపోయింది. ఆ భారం మా మీద పడింది.

కర్త ఎవరో తెలియదు. షెడ్డులో చెయ్యి తిరిగిన మెకానిక్ అని కొందరంటారు. వారికి ఆధారం రెండో పాదం. కాదు, పూత డబ్బాలు అమ్ముకునే దుకాణదారుడని మరికొందరు. వారికి ఆధారం నాలుగో పాదం. కాలం మాత్రం కొంతవరకు తేల్చవచ్చు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని గుండ్రటి గాజు కళ్ళతో తిరిగిన రోజుల్లో ఈ పద్యం పుట్టే వీలు లేదు. గాజు రాయి తగిలితే పగులుతుంది గాని ఎండకు పచ్చబడదు. హెడ్‌లైటుకు ప్లాస్టిక్ ముఖం వచ్చాకే కవికి ఈ శోకం, శోకం వచ్చాకే ఈ శ్లోకం.

మూలం

ఆ.వె.
పసుపు పట్టినట్టి పాతకారు కనుల
నీటఁ దడిపి రుద్ది నేర్పుతోడ
మెరుగు పెట్టి పైన మేలైన పూతను
పూయకున్న మరల పొగయె మిగులు

ప్రతిపదార్థం

పసుపు పట్టినట్టి = పచ్చబారి మసకలు కమ్మిన; పాతకారు = ఏళ్ళ తరబడి ఎండలో నిలిపిన కారు యొక్క; కనుల = హెడ్‌లైట్లను; నీటన్ = నీళ్ళతో; తడిపి = లైటునూ, చేతిలోని వాటర్ పేపరునూ తడిపి; రుద్ది = నంబరు వెంట నంబరుగా సానబట్టి; నేర్పుతోడ = పక్కనున్న పెయింటు గీరుకుపోకుండా; మెరుగు పెట్టి = పాలిష్ చేసి; పైన = ఆ మీదట, ఆ ఉపరితలం మీద (రెండర్థాలూ గ్రాహ్యమే); మేలైన పూతను = అతినీలలోహిత కిరణాలను ఆపగల పారదర్శకమైన కోటింగును; పూయకున్న = వేయకపోతే; మరల = కొన్ని నెలలకే; పొగయె = మసకే; మిగులు = దక్కును.

తాత్పర్యం

పచ్చబడిన హెడ్‌లైట్లను ఎంత ఒడుపుగా రుద్ది ఎంత తళతళలాడించినా, పైన రక్షణ పూత వేయకపోతే చాకిరీ అంతా వృథా.

వ్యాఖ్య

పసుపు: ఈ మాట వినగానే దసరాలో ఆయుధపూజనాడు బండికి పెట్టే పసుపు మదిలో మెదులుతుంది. అది తుడిస్తే పోతుంది. ఇది ప్లాస్టిక్ తన ఒంట్లోంచి పుట్టించుకున్న పసుపు. ఆ ప్లాస్టిక్ పేరు పాలీకార్బనేట్. దీనికి ద్రష్టలు ఇద్దరు. 1953లో జర్మనీలో బాయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ దీన్ని తయారుచేశాడు. అదే ఏడాది, కొద్ది రోజుల తేడాతో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ కూడా తయారుచేశాడు. ఒకరి పని ఒకరికి తెలియదు. మొదటివారి సరుకు మాక్రోలాన్ పేరుతో, రెండోవారిది లెక్సాన్ పేరుతో బజారుకొచ్చాయి. గాజులో సగం బరువే ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, ఏ అచ్చులో పోస్తే ఆ వంపు తిరుగుతుంది. అమెరికాలో 1940 నుంచి నడిచిన సీల్డ్ బీమ్ (గాజుతో మూసిన లైట్లే వాడాలన్న) నిబంధన 1983లో సడలింది. 1984 మోడల్ లింకన్ మార్క్ 7 అక్కడ కొత్త రకం కళ్ళతో రోడ్డెక్కింది. అక్కణ్ణుంచి కారు డిజైనర్ల చేతులకు పగ్గం లేదు. పిల్లి కన్నులు, చేప కన్నులు, కోపపు కన్నులు అన్నీ వచ్చాయి.

ఇన్ని గుణాలున్న పాలీకార్బనేట్‌కు రెండు దోషాలున్నాయి. మొదటిది మెత్తదనం. సుత్తి దెబ్బకు నిలిచినా ఇసుక రేణువు గీతకు లొంగిపోతుంది. రెండోది సూర్యద్వేషం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని అణువుల గొలుసులను తెంచి, కొత్త వరసలో పేరుస్తాయి. ఆ కొత్త పదార్థాలు వెలుతురులో నీలపు పాలు మింగేస్తాయి, మిగిలిన వెలుతురు మన కంటికి పచ్చగా కనిపిస్తుంది. ఈ రెండు దోషాలూ ఫ్యాక్టరీవాడికి తెలుసు. అందుకే లైటు ముఖానికి గట్టిదీ వెంట్రుక కంటే పలచనిదీ అయిన ఒక రక్షణ పూత వేసి పంపుతాడు. కొన్నవాడు తుడిచేదీ మెచ్చుకునేదీ ఆ పూతనే. కొన్నేళ్ళ ఎండకు, హైవే మీద ఎగిరొచ్చే ఇసుకకు అది అరిగి, పొలుసులుగా లేచి, గరుకు తేలుతుంది. పద్యమంతా ఈ పోయిన పూత గురించే. మొదటి పాదంలో దాని పేరెత్తకుండా దాచి, మూడో పాదం చివర బయటపెట్టడంలో ఉంది కవి చమత్కారం.

పాతకారు: ఇక్కడ వ్యాఖ్యాతల మధ్య పెద్ద రగడ ఉంది. ఒకాయన దీన్ని "పాతక + ఆరు" అని విడదీసి, హెడ్‌లైట్ల పట్ల జనం చేసే ఆరు పాతకాలు అని అర్థం చెప్పాడు. వ్యాకరణం ఒప్పదు, అన్వయం కుదరదు. అయినా ఆయన ఇచ్చిన పాతకాల పట్టిక బాగుంది గనుక వదిలిపెట్టడం లేదు. టూత్‌పేస్టు, వంటసోడా కలిపిన నిమ్మరసం, కూల్‌డ్రింకు, నూనె, థిన్నరు, దోమల మందు. నూనె గీతల్లోకి దిగి కాసేపు మెరిపిస్తుంది, ఒక వాన పడితే కొట్టుకుపోతుంది. థిన్నరు మహాపాతకం, తగిలినచోట ప్లాస్టిక్ సన్నగా నెర్రెలిస్తుంది. అన్నిటిలోకీ మోసకారి ఒంటికి రాసుకునే దోమల మందు. గుడ్డ మీద వేసి తుడవగానే పచ్చదనం మాయమవుతుంది, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది. కరిగిన పొర కాసేపు సమతలంగా పరుచుకుంటుంది, ఆనక జిగటై దుమ్ము పట్టి మునుపటికంటే అన్యాయంగా తయారవుతుంది. పట్టిక సరే గాని, విరుపు మాత్రం తప్పు. "పాత కారు" అనే చదువుకోవాలి.

కనుల: హెడ్‌లైటు అన్న మాటే ఎత్తకుండా ఉపమానమైన కన్నునే చెప్పాడు గనుక రూపకాతిశయోక్తి. మసకేసిన కంటికి శుక్లం తీసే డాక్టరు పాత కటకాన్ని తీసిపారేసి కొత్తది అమరుస్తాడు. మనమైతే ఆ కటకాన్నే గీకి మళ్ళీ వాడుకుంటున్నాం, ఆదివారం ఉదయం ఇంటి ముందు, బనీను మీద. ఆ గీకుడు వల్ల ఏమైనా ఫలితం ఉందా అన్నది ముందే తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. పచ్చబడిన లైటు మీద చెంబెడు నీళ్ళు పోసి చూడాలి. తడిగా ఉన్నంతసేపు తేటపడితే జబ్బు పైనే ఉంది, ఈ పద్యం పనికొస్తుంది. తడిసినా మసక అలాగే ఉంటే జబ్బు లోపలుంది. చెమ్మ చేరిందో, అద్దంలా మెరవాల్సిన రిఫ్లెక్టరు మాడిపోయిందో అయ్యుంటుంది. బయట ఎన్నాళ్ళు రుద్దినా ఉపయోగం లేదు. బహువచనం వాడాడు గాని రెండు కళ్ళూ సమానంగా చెడాలని లేదు. రోజూ ఒకే వైపు తిప్పి నిలిపే బండికి ఎండ కొట్టే వైపు కన్ను ముందు పోతుంది.

నీటఁ దడిపి రుద్ది: ఈ మూడు మాటల్లో సగం రోజు పని ఇమిడి ఉంది. ముందు లైటును సబ్బునీళ్ళతో కడిగి, చుట్టూ బానెట్‌కూ బంపరుకూ మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించాలి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపరు అని అడగాలి, నంబరు చెప్పాలి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. తెలియనివారు 2000 అంటే భయపడి 400తో మొదలుపెడతారు, ఇంతకంటే విపరీతం లేదు. ఒక మోస్తరు మసకకు 800తో మొదలుపెట్టి 1000, 1500, 2000, చివరికి 3000కు చేరితే చాలు. పొలుసులు లేచిపోయిన కళ్ళకు మాత్రమే 400, 600.

నీరు ఎందుకు? రాలిన పొడి కాగితం పళ్ళ మధ్య ఇరుక్కుని కొత్త గీతలు గీయకుండా, రాపిడి వేడికి ప్లాస్టిక్ మెత్తబడకుండా. కాబట్టి "తడిపి" అంటే మొదట ఒకసారి తడపడం అని కాదు, ఆద్యంతం తడి ఆరకుండా చూడడమని గ్రహించాలి. ఒక నంబరుతో అడ్డంగా రుద్దితే తరవాతి నంబరుతో నిలువుగా రుద్దాలి. అప్పుడే వెనకటి గీతలు పోయాయో లేదో కంటికి ఆనుతుంది. అవి పూర్తిగా పోకుండా తరవాతి కాగితం అందుకున్నవాడు చివరికి 3000 దాకా వెళ్ళి, ఎండలో చూసి, మళ్ళీ 800 అందుకుంటాడు.

రుద్దుతుంటే మొదట పచ్చటి పాలు కారతాయి. అవి పాత పూతవీ, చెడిన ప్లాస్టిక్‌వీ. పాలు తెల్లబడ్డాక అసలు ప్లాస్టిక్ తగిలినట్టు. ఈ దశలో లైటు మొత్తం పాలగాజులా తెల్లగా, మునుపటికంటే వికారంగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు సరిగ్గా ఈ సమయానికే కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి, "ఏమండీ, ఉన్నది కూడా పాడుచేసినట్టున్నారే" అంటారు. కవి ఈ ఘట్టాన్ని ఎందుకు వదిలేశాడో తెలియదు. ఆటవెలదిలో చోటు చాలక కాబోలు.

నేర్పుతోడ: కొన్ని ప్రతుల్లో "పేస్టుతోడ" అనే పాఠం ఉంది. టూత్‌పేస్టుతో రుద్దినా చాలునని ఈ పాఠాన్ని నెత్తికెత్తుకునేవారు చాలామంది. ముందు ఛందస్సు చూద్దాం. పాదం మొదట "నీ" ఉండగా నాలుగో గణం మొదట "పే" యతి చెల్లదు. ప్రాసయతి అని తప్పించుకుందామన్నా "ట"కూ "స్టు"కూ ప్రాస కుదరదు. ఇక రసాయనం. పేస్టులో ఉన్నది పళ్ళ పాచి పోయేపాటి సుద్దపొడో సిలికానో. అది పైపై మసకను కాస్త తుడుస్తుంది, కొద్ది వారాలు కారు నవ్వినట్టు కనిపిస్తుంది. లోతైన పచ్చదనం దానికి అందదు, రక్షణ పూత లక్షణం దానికి లేనేలేదు. యతీ చెడింది, గతీ చెడింది గనుక ఈ పాఠం త్యాజ్యం.

మెరుగు పెట్టి: స్పష్టం. రబ్బింగ్ కాంపౌండు, మెత్తటి గుడ్డ, ఓపిక. డ్రిల్లుకు స్పాంజి బిళ్ళ తగిలించేవారు ఒకేచోట ఆగిపోకుండా తిప్పుతూ ఉండాలి.

మేలైన పూతను పూయకున్న: "పూతను బూయ" అని సరళాదేశం చేయవలసిన చోట చేయలేదు. మెకానిక్ పక్షంవారు దీన్ని తమ వాదానికి బలంగా చూపిస్తారు. ఉండనిద్దాం. "మేలైన" అన్న విశేషణం వ్యర్థపదం కాదు. కారు వ్యాక్స్ కూడా పూతే, కొద్ది వారాలకే అరిగిపోతుంది. అతినీలలోహితాన్ని ఆపని మామూలు క్లియర్ లక్క వేస్తే అది తానే పచ్చబడి పొరలుగా ఊడుతుంది. మేలైనది అంటే యూవీ నిరోధకం ఉన్నది. గుడ్డతో తుడిచినట్టు పూసే రకాలున్నాయి. రెండు భాగాలు కలిసి గట్టిపడే టూ-కె స్ప్రే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందులోని గట్టిపరిచే భాగం ఐసోసయనేట్, ఊపిరితిత్తులకు శత్రువు. ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు, రసాయన ఆవిరులను ఆపే మాస్కు కావాలి, ఆరుబయట వేయాలి. వేసే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తరవాత వేలు పెట్టకూడదు. వానాకాలపు ముసురూ, మిట్టమధ్యాహ్నపు ఎండా, వీధి ఊడ్చే వేళా పనికిరావు. పలచగా ఒకటికి రెండు మూడు సార్లు వేయాలి, ఒక్కసారే దట్టంగా కొడితే కారుతుంది.

పొగయె మిగులు: "పొగరె మిగులు" అని మరో పాఠం. ఛందస్సుకు లోపం లేదు, అర్థమూ సరసంగా ఉంది. పాలిష్ అయిన సాయంత్రం లైటు స్ఫటికంలా ఉంటుంది. యజమాని పక్కింటివాళ్ళను పిలిచి చూపిస్తాడు, సగం రుద్దినదీ రుద్దనిదీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి చుట్టాలందరికీ పంపుతాడు. పూత సంగతి వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది. పాత పూతను తానే గీకి పారేశాడు గనుక ఇప్పుడా ప్లాస్టిక్ ఎండకు నిలువునా దిగంబరంగా నిలబడి ఉంది. ఈసారి పచ్చబడడానికి ఏళ్ళు పట్టవు. కాబట్టి రెండు పాఠాలనూ ఒకదాని తరవాత ఒకటిగా అన్వయించుకోవచ్చునని మా అభిప్రాయం.

పూర్వపక్షం: ఇంత తతంగం ఎందుకు, పెద్ద బల్బు వేస్తే పోలా అని ఒక వాదం. హెచ్4 హాలోజన్ బల్బుకు ప్రమాణం 60/55 వాట్లు. దాని స్థానంలో 100/90 బిగిస్తే మసక పోదు. మసక వెలుతురును తగ్గించడమే కాదు, చెదరగొడుతుంది. బాగా చెడిన లైటు నుంచి రోడ్డుకు చేరేది కొత్తదాని వెలుతురులో ఐదో వంతు దాకా పడిపోవచ్చు, తక్కినదాంట్లో కొంత ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది. వాట్లు పెంచితే ఎదుటివాడి తిట్లు పెరుగుతాయి, వైరింగు వేడెక్కుతుంది, లైటు ముఖం ఇంకా వేగంగా మాడుతుంది. పూర్వపక్షం నిరస్తం.

అనుక్తాంశం: ఈ విధానం వెనక లైట్లకూ వర్తిస్తుందా అని శంక. వర్తించదు. అవి సాధారణంగా ఎక్రిలిక్‌తో చేసినవి, పాలీకార్బనేట్‌లాగా ఎండకు పచ్చబడవు. ఈ సంగతి తెలిసే కవి "కనుల" అన్నాడని గ్రహించాలి. కళ్ళు ఎవరికైనా ముందువైపే ఉంటాయి.