రుణానుబంధం

మా మావయ్య ఎదుట బుల్లెట్‌ని ఎవరూ "అది" అనకూడదు. "అది మేత ముట్టిందా?" అని అత్త నోరుజారి అడిగిందంటే చాలు, "అదేటే? వాడు! నా మూడో కొడుకు" అని కసిరేవాడు. మొదటి ఇద్దరు కొడుకులూ గాజువాకలో కాంట్రాక్టు పనులు చూసుకుంటూ పండక్కి మాత్రం వచ్చి పోయేవారు. మూడోవాడు ఇంటి వెనక రేకుల పాకలో నిలబడి ఉలవలు తినేవాడు.

ఎలమంచిలి చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతితో తీర్థాల రోజులు మొదలవుతాయి. ఇవాళ ఒక ఊరు, రేపు పక్క ఊరు. జీళ్ళ దుకాణాలు, రంగులరాట్నం, పగలు ఎడ్లబళ్ళ పరుగు, గుర్రాల పరుగు. గుర్రం మీద కూర్చునేది పదహారేళ్ళ బక్కపలచటి కుర్రాడైనా, గెలిచాక మెడలో దండ పడేది గుర్రపాయనకే. ఆ దండ కోసమే మావయ్య గుర్రం కొన్నాడని అత్త అనుమానం. నా అనుమానమూ అదే.

"మలక్‌పేటలో పరిగెత్తిన జాతి గుర్రమండి, మోకాలు కాస్త వాచిందని వదిలించుకున్నారు" అని చెప్పి దళారి దాన్ని అంటగట్టాడు. కాగితమేమీ లేదు. ఉన్నా మావయ్య చదివేవాడు కాదు. మలక్‌పేట అన్న ఒక్క మాటకే పడిపోయాడు. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో గుర్రప్పందేలు మౌలాలి నుంచి అక్కడికి మారాయని నేనెక్కడో చదివింది చెబితే, ఆ రోజు నుంచి బుల్లెట్టు "నైజాం నవాబు గారి గుర్రం" అయిపోయాడు. నిజాం పోయి ఎన్నేళ్ళయిందో గుర్తుచేసినా లాభం లేకపోయింది.

నిజానికి పందెపు గుర్రానికి నౌకరీ తక్కువ, రిటైర్మెంటు ఎక్కువ. రెండేళ్ళ వయసుకే మైదానంలో దింపుతారు. ఐదారేళ్ళు వచ్చేసరికి చాలావాటికి ఆట కట్టు. ఆయుష్షు చూస్తే పాతికేళ్ళ దాకా ఉంటుంది. తిండి ఎవరు పెట్టాలి? గెలిచి పేరు తెచ్చుకున్నవాటిని పిల్లల కోసం పోషిస్తారు. మిగతావి స్వారీ నేర్పే చోటికో, పెళ్ళి ఊరేగింపుకో, బీచిలో పిల్లల్ని తిప్పడానికో పోతాయి. మరీ గొప్పదైతే చచ్చాకా గిరాకీయే. ఫార్‌లాప్ అనే గుర్రం 1932లో చచ్చిపోతే గుండె కాన్‌బెర్రా వాళ్ళు, చర్మం మెల్‌బోర్న్ వాళ్ళు, ఎముకలు న్యూజీలాండ్ వాళ్ళు పట్టుకుపోయి మ్యూజియాల్లో పెట్టుకున్నారు. పేరు లేని గుర్రాలను పంచుకోవడానికి చచ్చేదాకా ఆగక్కర్లేదు.

మావయ్యకు దండలు బాగానే పడ్డాయి. రెండు సంక్రాంతులు గడిచాక పాత మోకాలు మళ్ళీ పొంగింది. పసుపు పట్టు వేశాడు, పశువుల డాక్టరుకి చూపించాడు, కొండ మీద దేవుడికి మొక్కాడు. గుర్రం కుంటడం మానలేదు, తినడమూ మానలేదు. ఇక్కడ మావయ్య గురించి ఇంకొక ముక్క చెప్పాలి. ఆయనకి రెండు గేదెలున్నాయి. పాలకేంద్రంలో వెన్న శాతం ఒక పిసరు తగ్గించి రాస్తే, ఆ రాసిన కుర్రాడి మూడు తరాలనూ తలుచుకుని గానీ గుమ్మం దిగడు. అలాంటి మనిషి పరిగెత్తని గుర్రానికి ఆర్నెల్లు ఉలవలు పోశాడంటే, ప్రేమ కాదనడానికి నాకు నోరు రాలేదు.

చివరికి అదే దళారి వ్యాను తెచ్చాడు. పద్దెనిమిది వేలు. "కోతకి ఇచ్చావని తెలిసిందో, నీ ఇంటి ముందు ఉరేసుకుంటాను" అన్నాడు మావయ్య. "అయ్యో, అంత పాపమా! హైదరాబాదు అవతల పెద్ద కంపెనీ వాళ్ళ షెడ్డుందండి. మేత వాళ్ళదే, డాక్టరూ వాళ్ళ డాక్టరే. పరిగెత్తే పనే లేదు" అన్నాడు వాడు. కంపెనీకి కుంటి గుర్రంతో ఏం పనని ఎవరమూ అడగలేదు. మావయ్య భుజం మీద కొత్త తువ్వాలు తీసి గుర్రం వీపు మీద కప్పాడు. వ్యాను హైవే ఎక్కేదాకా వెనకాలే నడిచాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కొడుకుల్ని పంపినప్పుడు కూడా ఇంతలా ఏడవలేదని ఊరంతా చెప్పుకుంది.

తొలకరిలో ఒక రాత్రి చెరకు తోటలో మోటారు వెయ్యడానికి వెళ్ళిన మావయ్య కాలు పట్టుకుని కేకలేస్తూ వచ్చాడు. టార్చి వెలుగులో పామును చూసినవాళ్ళు రక్తపింజరి అన్నారు. ఒకాయన మంత్రం వేసే మనిషిని పిలుద్దామన్నాడు, ఇంకొకాయన పసరు అన్నాడు. మేము ఆయన్ని బండి మీద మధ్యన కూర్చోబెట్టుకుని సర్కారు ఆసుపత్రికి దౌడు తీశాం.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గాజు గొట్టంలోకి కాస్త రక్తం తీసి, బల్ల మీద కదలకుండా నిలబెట్టి, గోడ గడియారం చూసింది. ఇరవై నిమిషాలు. మామూలు రక్తమైతే ఈలోగా గడ్డ కడుతుందట. టైమయ్యాక గొట్టం మెల్లగా వంచింది. ఎర్రనీళ్ళలా జారింది. ఇక మాట్లాడకుండా చిన్న చిన్న సీసాలు తెప్పించింది. అడుగున తెల్లటి పొడి. అందులో నీళ్ళు ఎక్కించి, అరచేతుల మధ్య దొర్లించినట్టు నెమ్మదిగా తిప్పింది. గట్టిగా కుదిపితే నురగొస్తుందని నర్సుకి చెబుతోంది. అలా పది సీసాలు. అన్నీ సెలైన్‌లో కలిసి ఆయన ఒంట్లోకి వెళ్ళాయి.

మర్నాటికి రక్తం గడ్డ కట్టింది. కాలు వాపు ఉన్నా ప్రాణానికి ఢోకా లేదన్నారు. మావయ్య లేచి కూర్చుని టీ తాగుతూ అడిగాడు.

"ఆ మందు దేంతో చేస్తారు డాక్టరమ్మా?"

"గుర్రాలతో బాబాయ్. పాము విషం కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తారు. దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. ఆ రక్తం తీసి ఈ మందు చేస్తారు."

మావయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఏ గుర్రాలు?"

"ఏవైనా. పందేల్లో పనికిరాకుండా పోయినవి కూడా. మద్రాసు గిండీలో ఒక పక్క గుర్రప్పందేల మైదానం, ఇంకో పక్క ఈ మందు చేసిన కింగ్ ఇన్‌స్టిట్యూటు. ఇప్పుడు హైదరాబాదు వైపు కూడా చేస్తున్నారు."

హైదరాబాదు అనగానే మావయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెత్తబుట్టలోంచి ఖాళీ సీసా ఒకటి తీయించుకుని కళ్ళకద్దుకున్నాడు. "మా బుల్లెట్టేరా! వాడే, నా కొడుకే నన్ను బతికించాడు!" అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క మంచం మీది ముసలమ్మ కూడా ముక్కు చీదింది. ఏ సీసాలో ఏ గుర్రం రక్తముందో ఎవరు చెప్పగలరు? ఆ మాట అనాలనిపించలేదు నాకు.

కాసేపటికి తేరుకుని మళ్ళీ మొదలెట్టాడు. "రక్తం తీస్తే నీరసించిపోరా, అమ్మా?"

"ఎర్రకణాలు మళ్ళీ గుర్రానికే ఎక్కించేస్తారు బాబాయ్. పైనుండే తేటే తీసుకుంటారు. చూడాల్సినట్టు చూస్తే కోలుకుంటుంది."

"ఏడాదికి ఒకసారి తీస్తారా?"

"ఎక్కడి ఏడాది! దాదాపు నెలకోసారి."

"నెలనెలానా! ఎన్నేళ్ళు?"

"ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు. కొన్నింటికి ఏళ్ళ తరబడి."

"పరిగెత్తక్కర్లేదా? కుంటిదైనా పర్లేదా?"

"రక్తానికి కాలుతో ఏం పని బాబాయ్?"

మావయ్య తలదించుకున్నాడు. నెలనెలా సూది, ఏళ్ళ తరబడి విషం. మూడో కొడుకు పడే బాధ తలుచుకుని కుమిలిపోతున్నాడనుకుని డాక్టరమ్మ ఆయన భుజం తట్టింది. "ఈ సీసా బయట కొంటే ఎంతుంటదమ్మా?" అన్నాడు తలెత్తకుండానే. వందల్లో ఉంటుందని, ఇక్కడ మాత్రం ఉచితమని, ఖర్చు గురించి బెంగపడొద్దని చెప్పి ఆవిడ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

మావయ్య పెదాలు కదులుతున్నాయి. దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. చేతివేళ్ళు కణుపుల మీద లెక్కపెడుతున్నాయి. జపమే అనుకున్నాను. లెక్క ముగిశాక నా ఫోన్ అడిగి తీసుకుని దళారికి కలిపాడు. అవతల వాడు హలో అన్నాడో లేదో, సెలైన్ సూది ఉన్న చెయ్యి ఊగిపోతుండగా అరిచాడు.

"అది పాడిగుర్రమని ముందే ఎందుకు సెప్పనేదురా? పద్దెనిమిది వేలకి తోలేద్దునేటి!"