ప్లే నొక్కితే పాఠం పూర్తి

బీటెక్ మొదటి ఏడాది పిల్లలకు వీడియోలతో సీ లాంగ్వేజ్ చెప్పదలచిన లెక్చరర్ ముందుగా ఓ పొడవాటి వీడియో వెతుక్కోవాలి. ఎన్‌పీటెల్‌లో బోలెడున్నాయి. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పథకం కాబట్టి వంక పెట్టేవారుండరు. పీరియడ్ మొత్తం అందులోనే గడిచిపోవాలి. ఐదు నిమిషాలు మిగిలాయా, ఎవడో ఒకడు లేచి సందేహం అడుగుతాడు.

స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా 2014 నాటి పరిశోధన ఎత్తవచ్చు. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఫిలిప్ గువో బృందం, వీడియో ఎంత పొడవున్నా సగం వీక్షణలు 6 నిమిషాలు దాటడం లేదని తేల్చింది. కంగారు పడనక్కర్లేదు. ఆ వీడియోలు చూసినవాళ్లు ఇష్టమొచ్చినప్పుడు ఆపేసుకునే జనం. ఇక్కడ తలుపు వేసి ఉంటుంది, అటెండెన్స్ చివర్లో తీస్తారు.

ప్లే నొక్కాక మధ్యలో ఆపకూడదు. లూప్ దగ్గర అసలే ఆపకూడదు. పది గళ్ల అర్రేలో గళ్ల నంబర్లు 0 నుంచి 9 వరకే. వాటిని చుట్టివచ్చే లూప్ షరతులో ‘పది కంటే తక్కువ’ అనడానికి బదులు ‘తక్కువ లేదా సమానం’ అని పెడితే లూప్ పదకొండోసారీ తిరుగుతుంది. కంపైలర్ చాలాసార్లు కిక్కురుమనదు. తెర మీద ఏదో చెత్త సంఖ్య పడుతుంది, ఒక్కోసారి ప్రోగ్రామే కూలుతుంది. ఈ గోలంతా క్లాసులో దేనికి? తప్పులన్నీ ముందే దిద్దేసి, మొదటి రన్‌లోనే అవుట్‌పుట్ వచ్చే వీడియోలే శ్రేష్ఠం. ప్రోగ్రామర్లకు ఎర్రర్లే రావని పిల్లలు నమ్మితే అంతకన్నా ఏం కావాలి!

ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ జోలికి మాత్రం పోరాదు. పాఠం పది నిమిషాలు అటూ ఇటూ; తెలుగు సహా భారతీయ భాషల్లో డబ్బింగ్ కూడా చేస్తున్నారు. కాస్త చూడటం, ఆపడం, పక్క విండోలో అదే టైపు చేసి నడిపి చూడటం అక్కడి పద్ధతి. అంటే ప్రతి పిల్లవాడికీ పనిచేసే కంప్యూటరు, హెడ్‌ఫోన్లు కావాలి. పైగా ఒకడు ముందుంటాడు, ఒకడు వెనకబడతాడు. అప్పుడు సిలబస్ రిజిస్టర్‌లో ఏ తేదీ వేయాలి?

ఇక ల్యాబ్ రికార్డు. వీడియోలోని ప్రోగ్రామునే చేత్తో ఎత్తి రాయించి, ఎర్ర సిరాతో సంతకం పెడితే సరి. చిక్కల్లా వైవాలో ఒక్క లైను మార్చి మళ్లీ నడపమనే ఎగ్జామినర్లతోనే. అందుకే ఈసారి ఎక్స్‌టర్నల్‌గా ఎవరు వస్తున్నారో నెల ముందే కనుక్కోవాలి.